ఈశాన్యపు గడి

తెనాలిలో ఫ్లాటు కొనబోయే మనిషి గదులెన్ని అని అడగడు. సింహద్వారం ఎటు అని అడుగుతాడు. నీళ్ళూ, గాలీ, వెలుతురూ అన్నీ ఆ తర్వాతే. సుబ్రహ్మణ్యం ఈ విషయంలో నలుగురికంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. బాపట్లలో పంటకాలవల ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరై, అంగలకుదురు రోడ్డులో కొత్తగా లేచిన మణికంఠ ఎన్‌క్లేవ్‌లో ఫ్లాటు చూడబోయినప్పుడు జేబులో దిక్సూచి పెట్టుకుని మరీ వెళ్ళాడు.

అప్పటికి ఊళ్ళో అపార్ట్‌మెంట్లు ఇంకా కొత్త. కింద స్తంభాల మధ్య పసుపురంగు గీతలు కొట్టించి, ఎవరి కారు గడి వాళ్ళు ఎంచుకోమన్నాడు బిల్డరు. అందరికంటే ముందు బయానా ఇచ్చినవాడు గనక మొదటి మాట సుబ్రహ్మణ్యానిదే. దిక్సూచి తీసి, ముల్లు నిలకడగా ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసి, గబగబా వెళ్ళి ఈశాన్యం మూల గడిలో నిలబడ్డాడు. "ఇది దేవుడి మూల. ఇది నాది" అన్నాడు. పెళ్ళివారింట్లో ముందు పంక్తిలో విస్తరి దక్కినవాడిలా మొహం వెలిగిపోయింది. వాస్తు పుస్తకం మొదటి సగం చదివి రెండో సగం చదవని మహానుభావులు మన ఊళ్ళో కొల్లలు. ఈశాన్యం శ్రేష్ఠం అన్నంతవరకే ఆయన చదివాడు. ఆ మూల బరువు పెట్టకూడదన్న ముక్క తర్వాతి పేజీలో ఉంది.

అంతటితో ఊరుకున్నాడా? మొదటి మీటింగులోనే గేటు దక్షిణం కొసన ఉంది, పనికిరాదు అని పట్టుబట్టి తూర్పుకి మార్పించాడు. దాంతో సుధీర్ గడికి దారి ఇరుకైపోయింది. సుధీర్ మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు నడుపుతాడు. ముప్ఫై దాటిన కుర్రవాడు, తర్వాత అసోసియేషన్ ప్రెసిడెంటయింది అతనే. ఆ రోజు మాత్రం నవ్వి, "పెద్దవాళ్ళు, మీకు తెలీందేముంది బాబాయ్ గారూ" అన్నాడు. ఆ నవ్వు అతని దగ్గరే భద్రంగా ఉండిపోయిందని సుబ్రహ్మణ్యానికి చాలాకాలం తెలియలేదు.

ఫ్లాటులో చేరిన మరుసటేడు ఆయన భార్య దుర్గాంబకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. వాటితోపాటు మాట కూడా పోయింది. బాపట్లలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి, కళ్ళెర్ర చేస్తే తరగతి మొత్తం గుటకలు మింగేలా చేసిన మనిషి, మంచినీళ్ళు కావాలంటే గ్లాసు వైపు చూపించాల్సిన గతికి వచ్చింది. పిల్లలు లేరు. ఆమెకి ఆయన, ఆయనకి ఆమె.

ఆమెకి ఇంకొకరు కూడా ఉన్నారు. రేపల్లెలో అక్క కుమారమ్మ. కీళ్ళవాతంతో గడప దాటలేని మనిషి. ఒక ఆదివారం సుబ్రహ్మణ్యం తన పాత మారుతి కారులో దుర్గాంబని అక్కడికి తీసుకెళ్ళాడు. కుమారమ్మ వీధి గుమ్మంలో మడతకుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. చెల్లెల్ని చూసి, "ఏమే, పలకవేం? పెద్ద పంతులమ్మవని పొగరా?" అంది. దుర్గాంబ మూతి వంకర్లు పోయింది, మెడ నరాలు తేలాయి. చివరికి, "నీకే పొగరు" అంది. రెండు మాటలు. డాక్టర్లూ మందులూ పుట్టించలేని మాటలు. సుబ్రహ్మణ్యం పక్కకి తిరిగి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆనాటి నుంచి ప్రతి ఆదివారం రేపల్లె ప్రయాణం. దారిలో ఊరు వచ్చినప్పుడల్లా ఆయన పేరు చెప్పేవాడు, ఆమె పలకాలి. చినరావూరు, జంపని, వేమూరు. మొదట్లో గాలి తప్ప శబ్దం వచ్చేది కాదు. వానలు పడేనాటికి భట్టిప్రోలు కూడా పలికింది. ఆ ఒత్తులు పలికినరోజు సుబ్రహ్మణ్యం కారాపి రోడ్డు పక్కన జామకాయలు కొనిపెట్టాడు.

ఇదంతా ఆ ఈశాన్యపు గడి చలవే. లిఫ్టు తలుపు తెరిస్తే ఎదురుగా కారు తలుపే. ఆయన భుజం పట్టుకుని నాలుగడుగులు ఈడ్చుకుంటూ వేసి ముందు సీట్లో కూలబడేది. మిగతా కార్లూ స్కూటర్లూ సందు లేకుండా కిక్కిరిసి ఉంటాయి, వాటి మధ్య చక్రాల కుర్చీ పట్టదు. గేటు దాకా తీసుకెళ్ళాలంటే మనుషులు ఎత్తి మొయ్యాల్సిందే. ఒకసారి ఆ ప్రయత్నం చెయ్యబోతే దుర్గాంబ కుడిచేత్తో లిఫ్టు కటకటాలు పట్టుకుని వదల్లేదు. "నలుగురు మొయ్యడం ఒక్కసారే" అనుకునే తరం ఆమెది. బతికుండగా మోయించుకోనంది, నోటితో కాదు, కళ్ళతో.

అపార్ట్‌మెంటుకి ఆ తర్వాత ఏదో పీడ పట్టింది. బోరు ఎండిపోయింది. లిఫ్టు రెండుసార్లు మధ్యలో ఆగింది. ఇవన్నీ సరే, మూడో అంతస్తులో అనుపమ కొడుకు శశాంక్ మోటారుసైకిలు మీంచి పడ్డాడు. చెట్టంత పిల్లాడు, నడుం కింద స్పర్శ లేకుండా మంచానికి అతుక్కుపోయాడు. అప్పుడు అసోసియేషను చీరాల నుంచి ఒక సిద్ధాంతిని పిలిపించింది. ఆయన పార్కింగంతా తిరిగి, ఈశాన్యం మూల ఆగి, మారుతి కారుని చెప్పు తెగ్గొట్టిన రాయిని చూసినట్టు చూశాడు. "ఎవరిదండీ ఈ బరువు?" అన్నాడు.

మీటింగు పెట్టారు. సుధీర్ చాలా మర్యాదగా మాట్లాడాడు. "మేం కుర్రవాళ్ళం, మాకేం తెలుసండీ? ఈశాన్యం దేవుడి మూల అని మీరే కదా చెప్పారు. దేవుడి నెత్తిన ఇనప్పెట్టె పెట్టి కూర్చుంటే ఎలా బాబాయ్ గారూ?"

"అది నాకు కేటాయించిన గడయ్యా. బిల్డరు రాసిచ్చాడు."

"గేటు కూడా బిల్డరు పెట్టిందేనండి. వాస్తు అని మీరు మార్పించలేదూ?"

 వాస్తు అబద్ధం అనగలిగితే ఒక్క ముక్కలో తేలిపోయేది. కాని సుబ్రహ్మణ్యం ఆ మాట అనలేడు, ఆయన నమ్ముతాడు. నమ్మేవాడిని నమ్మకంతో కొడితే తిరిగి కొట్టడానికి చేతిలో ఏం మిగులుతుంది? ఈశాన్యం ఖాళీ చెయ్యాలని తీర్మానం చేశారు. వేరే గడి ఇవ్వడానికి ఖాళీ లేదు. కారు వీధిలో పెట్టుకోమన్నారు.

మీటింగయ్యాక అనుపమ ఆయన్ని మెట్ల దగ్గర ఆపింది. పోట్లాడుతుందనుకున్నాడు. ఆమె వంగి కాళ్ళు పట్టుకుంది. "కారు తీసెయ్యండి బాబాయ్ గారూ. మావాడు లేచి నడుస్తాడు. మీకు పుణ్యం ఉంటుంది" అంది. ఆయన కంగారుగా వెనక్కి జరిగాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. నిజంగానే తన కారు బరువే ఆ పిల్లాడి నడుం విరిచిందా? నిజమైతే మరి దుర్గాంబ మాట? ఆమె మాట తెచ్చిన కారే ఇంకొకరి కాళ్ళు తీసిందా? అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది ఆయన బతుకు.

మర్నాడు పక్క ఫ్లాటు కృపారావు తలుపు తట్టాడు. లూథరన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసిన మనిషి. ఆయనకి కారు లేదు, గడి ఖాళీగా పడి ఉంది.

"నా గడి వాడుకోండి సుబ్రహ్మణ్యం గారూ. లిఫ్టు దగ్గర్నుంచి గోడవారగా సిమెంటు బాట ఉంది, కుర్చీ హాయిగా పోతుంది. చెల్లెమ్మని ఎవరూ ఎత్తక్కర్లేదు. మాకు ఈ దిక్కుల గొడవ లేదు కదా, ఎక్కడైనా ఒకటే."

సుబ్రహ్మణ్యం కిందికి వెళ్ళి చూశాడు. అంతా కృపారావు చెప్పినట్టే ఉంది. అలవాటుకొద్దీ జేబులోంచి దిక్సూచి తీశాడు. దక్షిణం. నిక్కచ్చిగా, ఇటూ అటూ కాకుండా దక్షిణం. 

"దక్షిణమండీ మాస్టారూ" అన్నాడు.

"అయితే?"

"యముడి దిక్కు. మంచానున్న మనిషిని వారం వారం అటు తీసుకెళ్ళి, అటు మొహంగా కూచోబెట్టి... నా చేతులతో నేనే..."

కృపారావుకి కోపం రాలేదు, జాలి వేసింది. "ఆలోచించుకోండి. తొందరేం లేదు" అని వెళ్ళిపోయాడు. పైకొచ్చి దుర్గాంబకి సంగతి చెబితే, ఆమె కుడిచెయ్యి ఊపి, "పోదాం" అంది. స్పష్టంగా అంది. "నీకు తెలీదు దుర్గా, ఊరుకో" అన్నాడు సుబ్రహ్మణ్యం. పెళ్ళయిన నాటి నుంచి లెక్కల్లో ఒక్క తప్పు చెయ్యని మనిషిని పట్టుకుని నీకు తెలీదన్నాడు. ఆ మాటకి ఆయన తర్వాత ఎంత ఏడ్చాడో దేవుడికెరుక.

కారు కొన్నాళ్ళు వీధిలో పెట్టాడు. రెండు ఆదివారాలు రేపల్లె ప్రయాణం ఆగింది. ఫోనులో అక్క గొంతు వినిపిస్తే దుర్గాంబ రిసీవరు చెవికి ఆనించుకుని మూలిగింది తప్ప మాట రాలేదు. అక్క మొహం ఎదురుగా ఉంటేనే ఆ తాళం తెరుచుకునేది. సుబ్రహ్మణ్యం ఇక ఆగలేక కారుని మళ్ళీ ఈశాన్యపు గడిలోకి తెచ్చిపెట్టాడు. కనీసం ఆదివారం పూట ఎక్కించుకునేదాకా ఉండనివ్వమని సుధీర్‌ని బతిమాలాడు.

"ఈశాన్యంలో బరువు క్షణమైనా బరువేనండి. మూడో అంతస్తులో ఆ తల్లి మొహం చూసి చెప్పండి నాకు, ఏం చెయ్యమంటారో" అన్నాడు సుధీర్. ఆ మాట నిజంగానే అన్నాడో, ఇరుకైన తన గడిని తలుచుకుని అన్నాడో, బహుశా అతనికే తెలియదు.

అప్పుడు దిగాడు ఏసుబాబు. గుంటూరు నుంచి ఏదో సెక్యూరిటీ ఏజెన్సీ పంపిన మనిషి. నీలం చొక్కా, మెడలో ఈల. సుధీర్ వెల్డింగు షాపులో చేయించిన ఇనపగొలుసు తెచ్చి, మారుతి వెనక చక్రంలోంచి దూర్చి స్తంభానికి బిగించి తాళం వేశాడు. "నన్నేం అనకండి సార్. గొలుసు వెయ్యమన్నారు, వేశాను. ఇక్కడ మళ్ళీ పెట్టనని సంతకం పెడితే తీసేస్తారంట" అన్నాడు. మర్యాదస్తుడే. రోజూ పొద్దున్నే సుబ్రహ్మణ్యానికి సలాం కొట్టి, తర్వాత తాళం లాగి చూసుకునేవాడు.

సుబ్రహ్మణ్యం తిరగని గడప లేదు. పోలీసు స్టేషన్లో ఇది సివిలు తగాదా అన్నారు. ప్లీడరు కాగితాలు చూసి, గడి సంగతి రిజిస్ట్రేషన్లో లేదు, బిల్డరు విడిగా రాసిచ్చిన ముక్క కోర్టులో నిలవదు, నిలిచినా మన తరంలో తేలదు అన్నాడు. బిల్డరు రేపల్లెలో ఇంకో అపార్ట్‌మెంటు కడుతున్నాడని తెలిసి అక్కడికి వెళితే, "అమ్మేశాక నాకేం సంబంధం సార్" అన్నాడు. ఆ వీధి చివరే కుమారమ్మ ఇల్లు. దుర్గాంబ లేకుండా ఆ గుమ్మం ఎక్కలేక వెనక్కి వచ్చేశాడు.

ఈ లోపల దుర్గాంబ మాటలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ముందు భట్టిప్రోలు పోయింది. తర్వాత వేమూరు. బుద్ధి కూడా కాస్త మసకేసింది, పొద్దుటి సంగతి సాయంత్రానికి ఉండేది కాదు. ఆదివారం మాత్రం మర్చిపోలేదు. నేత చీర వైపు చూపించేది, కిందికి చూపించేది. ఈ వారం కాదు, వచ్చే వారం అనేవాడు ఆయన.

చివరికి దిక్సూచి బీరువాలో పారేసి కృపారావు తలుపు తట్టాడు. యముడైతే యముడు, దక్షిణమైతే దక్షిణం. తలుపు తీసింది ఎవరో కొత్తవాళ్ళు. కృపారావు ఇల్లు అద్దెకిచ్చి బాపట్లలో కూతురు ప్రియ దగ్గరికి వెళ్ళిపోయాడట. పక్క ఫ్లాటులోనే ఉండి, గొలుసు తగాదాలో మునిగి, ఆ మనిషి ఊరు విడిచి వెళ్ళిన సంగతే గమనించలేదు.

పొరుగింటామెని దుర్గాంబ దగ్గర ఉంచి, రైలెక్కి బాపట్ల వెళ్ళాడు. కృపారావు ఎదురొచ్చి చేతులు పట్టుకుని కూచోబెట్టాడు. విషయం విని తల దించుకున్నాడు.

"మీరు వద్దన్నారు కదండీ... అద్దెకి వచ్చినాయనకి పెద్ద కారుంది. గడితో కలిపే మాట ఇచ్చేశాను."

"ఆదివారం ఒక్కపూట చాలు మాస్టారూ. ఆయన కారు ఆ కాసేపు పక్కకి జరుపుకుంటే..."

కృపారావు అక్కడికక్కడే ఫోను చేశాడు. ఇటు మాటలు వినిపిస్తున్నాయి: "అవునండీ... పెద్దవాళ్ళండీ... ఆవిడకి ఒంట్లో... అలాగా... పోనీ నెలకి ఒక్కసారి?... సరేనండీ." ఫోను పెట్టేశాడు. తర్వాత, "అద్దెకి ఉంటున్నవాణ్ణి, అసోసియేషను తగాదాలోకి నేను రాను అంటున్నాడండీ. మీ కోసం ప్రార్థన చేస్తానండీ సుబ్రహ్మణ్యం గారూ" అన్నాడు. ప్రియ కాఫీ తెచ్చింది. సుబ్రహ్మణ్యం బుద్ధిగా తాగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదేనని తిరుగు రైల్లో కిటికీ వైపు చూస్తూ తనలో తనే అనుకున్నాడు. తిట్టుకోవడానికి సుధీర్ పేరు, ప్లీడరు పేరు, ఆ అద్దెకున్నవాడి పేరు ఒక్కటీ నోటికి రాలేదు. తన పేరే వచ్చింది.

మర్నాడు సంతకం పెట్టేద్దామనుకున్నాడు. పెడితే గొలుసు పోతుంది, కారు వీధిలోకి వస్తుంది, దుర్గాంబ పైనే ఉంటుంది. పెట్టకపోయినా అంతే. సంతకం మానేశాడు.

ఆ తర్వాతి ఆదివారం దుర్గాంబ వచ్చే వారం అన్న మాట ఒప్పుకోలేదు. కుడిచేత్తో తనే తల దువ్వుకుంది. నేత చీర మంచం మీదికి లాగింది. ఆమె మొహం చూసి కాదనలేకపోయాడు. చీర కట్టాడు, బొట్టు పెట్టాడు. కిందికి తీసుకెళ్ళి గొలుసు చూపిస్తే అర్థం చేసుకుంటుందనుకున్నాడు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఎదురుగా దుమ్ము పట్టిన కారు. దుర్గాంబ మొహం విప్పారింది. ఆయన భుజం మీద బరువంతా వేసి, ఒక్కో అడుగూ ఈడ్చి సీట్లో కూలబడింది. వెనక చక్రం ఆమెకి కనిపించదు. కాళ్ళు సర్దుకుని, రోడ్డు వైపు చూసినట్టు ముందుకు చూస్తూ కూచుంది. ఎదురుగా ఉన్నది సున్నం వేసిన గోడ.

సుబ్రహ్మణ్యం స్టీరింగు దగ్గర కూచున్నాడు. చెప్పాలి.  తాళం చెవి తిప్పాడు. అంతకాలం ఆగిన ఇంజను దగ్గి దగ్గి రాజుకుంది. కారంతా వణికింది. ఆమె నవ్వింది.

"చినరావూరు" అన్నాడు.

ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. దుర్గాంబ పెదాలు కదిలాయి. "చిన... రావూరు" అంది.

నెలల తర్వాత విన్న మాట.  "జంపని" అన్నాడు. "జంపని" అంది. వేమూరు అంది. పెనుమర్రు అంది. ఏసుబాబు స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాడు, ఈల చేతిలో పట్టుకుని, ఊదకుండా. మెట్ల దగ్గర అనుపమ కూడా ఆగిపోయింది. సుబ్రహ్మణ్యం ఎవరినీ చూడలేదు. ఆశ ఎంత పాడుదంటే, చక్రానికి గొలుసున్న కారులో కూచున్నవాడిని కూడా వదలదు. వంతెన దాటుతున్నాం అన్నాడు. జామకాయలమ్మి ఇవాళ రాలేదన్నాడు. "భట్టిప్రోలు" అన్నాడు, ఊపిరి బిగబట్టి. ఒత్తులన్నీ సరిగ్గా పలికింది. పల్లెకోన కూడా పలికింది. ఆ ఊపులో, ఆ సంబరంలో, ఆగాల్సిన చోట ఆగలేకపోయాడు.

"రేపల్లె" అన్నాడు. అలవాటుకొద్దీ ఇంజను ఆపేశాడు.

దుర్గాంబ తలుపు వైపు తిరిగింది. గుమ్మం కోసం వెతికింది, మడతకుర్చీ కోసం వెతికింది. గోడ, స్తంభం, స్కూటర్లు. ఆయన వైపు తిరిగింది.

"అక్కేది?"

ఆయన కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. ఆ నీళ్ళు చూసింది దుర్గాంబ. లెక్క తేలినట్టు నెమ్మదిగా తలాడించింది.

"పోయిందా?"

"లేదు దుర్గా, లేదు, ఉంది, రేపల్లెలోనే ఉంది, మనమే..." ఏడుస్తూ చెప్పేమాట ఎవరు నమ్ముతారు? ఆమె కుడిచేత్తో కొంగు మొహం మీదికి లాక్కుంది. ఇంటికి తీసుకొచ్చి ఫోను కలిపి, "ఇదిగో అక్క, మాట్లాడు" అని రిసీవరు చెవి దగ్గర పెట్టాడు. అటునుంచి కుమారమ్మ, "ఏమే, ఇన్నాళ్ళూ రావేం?" అంటూనే ఉంది. ఎవరో ఓదారుస్తున్నారనుకుందో ఏమో, దుర్గాంబ మొహం తిప్పుకుంది.

ఆ తర్వాత ఆమె ఇంకో మాట మాట్లాడలేదు, ఆదివారం నేత చీర వైపు చూపించనూ లేదు. శశాంక్ మంచం మీద అలాగే ఉన్నాడు. రేపల్లెలో కుమారమ్మ మాత్రం, చెల్లెలు వచ్చే వారం వస్తుందని ఎవరో చెప్పగా, ప్రతి ఆదివారం వీధి గుమ్మంలో మడతకుర్చీ వేయించుకుని కూచుంటూనే ఉంది.